మైనం వెయ్యని కలువలు

కోసిన తెల్లకలువ పొద్దెక్కాక మూసుకుపోకుండా ఉండాలంటే ఒక పద్ధతి ఉంది. పువ్వు బాగా విచ్చుకుని ఉన్నప్పుడే ఎడమ అరచేతిలో పట్టుకోవాలి. వెలుగుతున్న కొవ్వొత్తిని వంచి, రేకుల మొదట్లో చుట్టూ మైనం చుక్కలు వెయ్యాలి. మైనం గట్టిపడ్డాక రేకులు ఇక కదలవు. చెరువులో మిగిలిన కలువలన్నీ మూసుకున్నా ఇది మాత్రం విచ్చుకునే ఉంటుంది.

ఈ పని నాతోపాటు స్కూల్లో పనిచేసిన ఒకావిడ ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం చేశారు. అందుకే ఆవిడ ఎడమచేతి బొటనవేలి కొస నున్నగా, గీతల్లేకుండా ఉండేది. తరగతిలో బోర్డు మీద లెక్క రాసి, పిల్లలు తలలు వంచుకుని చేస్తుంటే, ఆ చోటు చూపుడువేలితో రుద్దుకుంటూ కిటికీ దగ్గర నిలబడేవారు. సోమవారం పొద్దున్న చూస్తే గోటి సందులో ఇంకా తెల్లగా మైనం కనిపించేది.

ఈ వానాకాలంలో ఆవిడ పోయారు. పోవడానికి కొన్నాళ్ల ముందు నాకొక పని అప్పగించారు. మచిలీపట్నంలో ఆసుపత్రి మంచం మీద కూర్చుని, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మన్నంత మామూలుగా చెప్పారు.

"నేను పోయాక నా పెట్టె మీద కలువలే పెట్టించు అమ్మడూ. మైనం మాత్రం వెయ్యనివ్వకు."

"ఇప్పుడెందుకక్కా ఆ మాటలు?"

"తర్వాత చెప్పడానికి కుదరదుగా."

ఎందుకు వద్దో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆవిడ ఒక మాట చెప్పి టీ తాగడం మొదలుపెట్టారంటే ఆ విషయం అక్కడితో అయిపోయినట్టు.

చల్లపల్లిలో ఒకే హైస్కూల్లో పనిచేశాం మేమిద్దరం. ఆవిడ లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు. ఆవిడ నాకంటే బాగా పెద్ద. చేరిన మొదటి వారంలోనే 'టీచరుగారూ' అన్న పిలుపు మాన్పించి 'అక్కా' అనిపించారు. నాగాయలంక వైపు ఒక ఊరి నుంచి బస్సులో వచ్చేవారు. ముతక నూలు చీర, చేతిలో గొడుగు, సంచిలో సుద్దముక్కల డబ్బా. స్కూలు సుద్దముక్కలు పుటుక్కున విరుగుతాయని సొంతవి కొనుక్కునేవారు. పిల్లలు లెక్క తప్పు చేస్తే తిట్టేవారు కాదు. "ఎక్కడ దారి తప్పావో నువ్వే వెతుక్కో, నేనిక్కడే ఉంటా" అని పక్కన నిలబడేవారు. తిట్టినా బాగుండేదనుకునేవారు పిల్లలు.

నా మీద ఆవిడ వేళాకోళమంతా పద్యాల గురించే. ఒకసారి వార్షికోత్సవానికి స్వాగత వ్యాసం రాసి ఆవిడకి చదివి వినిపించాను. అందులో కలువకన్నులూ, కలువరేడూ, ఇంకా చాలా ఉన్నాయి. ఆవిడ ఆసాంతం విన్నారు.

"బానే ఉంది. ఇందులో పువ్వెక్కడుందే?"

"ఇన్నిసార్లు కలువ అని ఉందిగా అక్కా!"

"అవన్నీ కళ్లు. లేకపోతే చంద్రుడి పెళ్లాలు. ఒక్కసారైనా దాన్ని పువ్వుగా ఉండనివ్వరా మీరు? నువ్వసలు కలువని దగ్గరనుంచి చూశావా?"

రోడ్డు పక్క గుంటల్లో, బస్సు కిటికీలోంచి, పోతూ పోతూ చూడటమే. అదే చెప్పాను.

"అయితే శనివారం మా ఇంటికొచ్చెయ్. ఆదివారం చూద్దువుగాని."

అలా వెళ్లాను మొదటిసారి. వాళ్ల ఊళ్లో చర్చి వెనక పెద్ద చెరువు. దానికి ఒక గట్టంటూ సరిగ్గా లేదు. వానాకాలంలో ఒకవైపు పొలాల్లోకి పాకేది. కలువలు దాన్నిండా వాటంతట అవే పెరిగాయి. ఎవరూ నాటలేదు, ఎవరూ కాపలా కాయలేదు. గేదెలు ఆకులు తినేవి. ఆవిడ ఆదివారం పూలు కోసుకునేవారు. వాళ్లాయన కాలువ లాకుల దగ్గర పనిచేసేవారు. రోజంతా తలుపులెత్తడం, దించడం, నీటిమట్టం చూడటం. మాట తక్కువ. తాటిదోనెని గెడతో నెట్టడం ఆయన వంతు, కొయ్యడం ఆవిడ వంతు.

తెలవారుతుండగా దోనె ఎక్కాం. చీకటి విడిపోతోంది కానీ పొద్దు ఇంకా పొడవలేదు. నీళ్ల మీద మంచు పొగలా ఉంది. ఆ పొగలో, కొంచెం పైకి లేచిన కాడల మీద, తెల్లగా, చెరువు ఆ చివరిదాకా కలువలు. అన్నీ పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. రాత్రంతా అవి అలా ఉన్నాయనీ, మనిషన్నవాడెవడూ చూడకుండానే ఉన్నాయనీ తోచింది నాకు. నేను రాసిన వ్యాసం గుర్తొచ్చింది. అందులో నిజంగానే పువ్వు లేదు.

స్టాఫ్‌రూములో ఆవిడ నోరు ఆగేది కాదు. చెరువులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఏదైనా చూపించాలంటే నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టేవారు. అప్పుడే విచ్చుకున్న తొలిరోజు పువ్వు జోలికి పోలేదు. ఒకటిరెండు రాత్రులు చూసినదాన్నే ఎంచుకుని కోశారు. ఒకచోట దోనె ఆపించి, నా చేతిని నీళ్లలోకి దించి ఒక కాడ అందించారు. పైనుంచి చూస్తే అక్కడ పువ్వు లేదు. కాడ కిందికి వంగి ఉంది. తడుముకుంటూ పోతే దాని చివర, నీళ్లలోపల, గట్టిగా ముడుచుకున్న పువ్వు తగిలింది. పూయడం అయిపోయాక కలువ నీళ్లలోకి వెళ్లిపోతుంది. దాని కాయ ఆ చీకట్లోనే పండుతుంది. ఇదంతా ఆవిడ ఒడ్డుకి వచ్చాక చెప్పారు. నీళ్లలో ఉన్నంతసేపూ నా వేళ్ల చుట్టూ ఆవిడ వేళ్లు బిగించి పట్టుకున్నారు, అంతే.

తర్వాత ఇంటి అరుగు మీద కూర్చుని మైనం పని. పువ్వు వెనక పువ్వు ఆవిడ అరచేతిలోకి వస్తోంది, వెళ్తోంది. వెడల్పాటి ఇత్తడి పళ్లేల్లో నీళ్లుపోసి వాటిలో తేలేస్తున్నారు. ఈ విద్య ఎలా వచ్చిందని అడిగాను. ఆయన అరుగు చివర బీడీ వెలిగించుకుంటూ నవ్వారు.

"చెప్పు, చెప్పు. అయ్యగారి సంగతి చెప్పు."

పెళ్లయి ఆ ఊరొచ్చిన కొత్తలో, చర్చిలో బల్ల మీద ఎప్పుడూ కాగితం పూలే ఉండటం చూసి, ఆవిడ కలువలు పెట్టారట. పాటలు అయ్యేదాకా బాగున్నాయి. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టారు. ఆయన మొదలుపెడితే ఎండ నడినెత్తికి రావాల్సిందే. ఆయన మాట్లాడుతుంటే, ఆయన ముందే, పూలు ఒకదాని తర్వాత ఒకటి మూసుకోవడం మొదలెట్టాయి. ఆడవాళ్ల వైపు కొంగులు నోళ్లకి అడ్డం వెళ్లాయి. ఆరాధన అయ్యాక ఆయన పిలిచారు.

"ఏం టీచరమ్మా, నా ప్రసంగం మొదలవగానే మీ పూలు కళ్లు మూస్తున్నాయి?"

"ప్రార్థన చేసుకుంటున్నాయేమోనండీ అయ్యగారూ!"

ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వారు. కానీ ఆవిడకి లోపల కష్టంగా ఉంది. ముసలాయన చిన్నబుచ్చుకున్నారని. ఆ క్రిస్మస్‌కి ఒక పువ్వు మీద కొవ్వొత్తి కారింది. మర్నాడు మధ్యాహ్నం మిగతావన్నీ మూసుకున్నా అదొక్కటి అలాగే ఉండటం ఆవిడ గమనించారు. తర్వాతి ఆదివారం నుంచి అయ్యగారి ప్రసంగం ఎంతసేపు సాగినా ఒక్క పువ్వూ కన్ను మూయలేదు.

"మరి సాయంత్రానికి ఏమవుతాయక్కా ఇవి?" అన్నాను.

ఆవిడ చేతిలో పువ్వుని తిప్పి చూశారు. "ఏమవుతాయి? అలాగే వాడిపోతాయి. మూసుకోలేవుగా."

ఆ మాటకి అప్పుడు నేను అంత ప్రాధాన్యం ఇవ్వలేదు.

తర్వాత చాలాసార్లు వెళ్లాను. ఒక వేసవిలో వెళ్తే చెరువు ఎండి, అడుగు నెర్రెలిచ్చి ఉంది. ఆవిడ గునపం తెచ్చి ఒకచోట తవ్వి, చేమదుంపలాంటి నల్లటి దుంప ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. తేలిగ్గా, పొడిగా, ఎవరో పారేసిన వస్తువులా ఉంది.

"చెప్పు. ఉందా, పోయిందా?"

"పోయినట్టే ఉందక్కా."

"నీకు సగం మార్కులే. 'ఉన్నట్టు లేదు' అనాలి. పోయిందని నీకేం తెలుసు?" మళ్లీ దాన్ని అక్కడే కప్పెట్టి, కాలితో మట్టి సర్ది, చేతులు దులుపుకున్నారు. "కాలవకి నీళ్లొదిలాక రా."

నీళ్లొదిలాక వెళ్లాను. అదే చోట, ఎర్రటి లేత ఆకులు కొన్ని నీటి మీదికి వచ్చి పడుకుని ఉన్నాయి.

వాళ్లాయన పోయింది కూడా కలువలు పూసే రోజుల్లోనే. నేను వెళ్లేసరికి పందిరి కింద పెట్టె ఉంది. పెట్టె మీద, చుట్టూ ఇత్తడి పళ్లేల్లో, కలువలు. ఆ తెల్లవారుజామున ఆవిడే దోనె నెట్టుకుంటూ వెళ్లి కోసుకొచ్చారని చెప్పారు. ఎవరు వస్తామన్నా రానివ్వలేదట. సమాధుల తోటకి వెళ్లేది మధ్యాహ్నం. పాటలు పాడుతున్నారు. ఎండ పందిరిలోకి దిగింది. పూలు మూసుకోవడం మొదలుపెట్టాయి.

ఆవిడ పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని వాటినే చూస్తున్నారు. నేనూ చూశాను. పువ్వు మూసుకోవడం కంటికి కనిపించదు. ఒకదాన్ని చూస్తూ ఉంటే పక్కది మూసుకుని ఉంటుంది. అటు తిరిగితే ఇది. అలా ఒక్కొక్కటీ, తొందర లేకుండా, మనుషులు పాడుతూనే ఉండగా. ఏడుస్తున్న వాళ్ల మధ్య కూర్చుని నేను ఏడవడం మర్చిపోయాను.

ఆవిడ తోడికోడలు వంగి చెవిలో అంది. "పూలు వాడిపోయాయక్కా. బంతిపూలు తెప్పిస్తాను. మైనం వెయ్యడం మర్చిపోయినట్టున్నావు."

"మర్చిపోలేదు. వాడిపోలేదు కూడా. మూసుకున్నాయి. రెండూ ఒకటి కాదు."

సమాధి అయ్యాక నేను మూడింటి బస్సుకి వచ్చేశాను. ఆవిడ మళ్లీ స్కూలుకి వచ్చాక ఒకరోజు, ఏదో మాట్లాడుతూ, "ఆ రోజు నువ్వు సాయంత్రం దాకా ఉండాల్సింది అమ్మడూ" అన్నారు.

"ఎందుకక్కా?"

"ఊరికే. ఉండాల్సింది."

ఆ తర్వాత కొన్నేళ్లకి చర్చి వెనక చెరువుని రొయ్యలకిచ్చారు. గట్లు పోశారు, లోతు చేశారు, ఉప్పునీళ్లు పెట్టారు. నీటిని తిప్పే చక్రాలు వచ్చాయి. ఒక వానాకాలం పోయి ఇంకో వానాకాలం వచ్చేసరికి కలువ లేదు. ఈసారి దుంప కూడా లేదు. నేను వెళ్లినప్పుడు ఆవిడ గట్టు మీద నిలబడి, గొడుగు కొసతో మట్టి కెలికి, వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నారు. "ఉప్పు" అన్నారు.

లాకుల పక్కన, ఆయన పనిచేసిన చోట, ఒక పాత గుంట ఉంది. లాకుల ఊటనీరు చేరుతుంది అందులో. అక్కడ కాసిన్ని కలువలు బతికి ఉన్నాయని ఆవిడ కనిపెట్టారు. అప్పటికి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే నడిచి వెళ్లి చూసి వచ్చేవారు. ఒక్కటీ కోసేవారు కాదు. చర్చిలో మళ్లీ కాగితం పూలు వచ్చాయి. కొత్త పాస్టరుగారు కుర్రాడు, ప్రసంగం తొందరగా ముగిస్తాడు. "వీడి హయాంలో మైనం అక్కర్లేకపోయేది, పూలే లేకపోయాయి" అని నవ్వేవారు. గుంటలోవి కొయ్యమని ఎవరైనా అడిగితే, "కొన్నే ఉన్నాయి. ఉండనివ్వండి" అనేవారు.

అలాంటి మనిషి, ఆసుపత్రిలో, ఆ గుంటలోవి తన కోసం కోయమన్నారు. అందుకే ఆ చిన్న పని నాకు చిన్నదిగా అనిపించలేదు.

ఆవిడ చెల్లెలి కూతురు గుడివాడలో బ్యాంకులో పనిచేస్తుంది. ఆవిడకి సొంత పిల్లలు లేరు. ఈ అమ్మాయినే పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలూ నేర్పారు, మైనం వెయ్యడమూ నేర్పారు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి తెల్లవారుతోంది. పందిరి వేస్తున్నారు. ఇద్దరం ఆటోలో లాకుల దగ్గరికి వెళ్లాం. గుంట చూసి ఆటో అతను వెనక్కి తగ్గాడు.

"ఇందులో పాములుంటాయండీ. మొన్నే చూశానండి బాబూ, ఇంతుంది."

"మా పెద్దమ్మకి పూలు కావాలి. టీచరమ్మగారు."

"లెక్కల టీచరమ్మా?" అతను ఫ్యాంటు మడత పెట్టాడు. "అలా చెప్పరేంటండీ. నాకు కూడికలు తప్పితే ఎన్నిసార్లు పక్కన నిలబడ్డారో." మొలలోతు దిగి, పాములని బెదిరించడానికో ఏమో, పెద్దగా ఎక్కాలు చదువుతూ కోశాడు. తొలిరోజువి కొయ్యొద్దని ఆ అమ్మాయి ఒడ్డునుంచి చూపిస్తూ ఉంది.

ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి బ్యాగులోంచి కొవ్వొత్తి తీసింది.

"మైనం వద్దమ్మా. మీ పెద్దమ్మ వద్దన్నారు" అన్నాను.

"ఎప్పుడన్నారు?"

"ఆసుపత్రిలో."

"నాకు చెప్పలేదే!" కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిన్నీ, జీవితమంతా చేతులు కాల్చుకుని ఊరందరికీ వేసిందండీ. ఆవిడకి నేను వెయ్యకపోతే ఎవరు వేస్తారు? పదకొండింటికి ప్రార్థన. అప్పటికి మూసుకుంటాయి. వచ్చినవాళ్లందరూ వాడిపోయినవి పెట్టామనుకోరూ?"

కారణం నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం నా దగ్గర ఉంది, అది కూడా ఇంకెవరూ వినని మాట. "అడిగింది ఆవిడ. అంతే తెలుసు నాకు" అన్నాను. ఆ అమ్మాయి కొవ్వొత్తిని తిరిగి బ్యాగులో పెట్టేసుకుంది. నాతో మాట్లాడటం మానేసింది.

పూలు పళ్లేల్లో తేలాయి. పదకొండైంది. హైదరాబాదు నుంచి ఆవిడ తమ్ముడు రావాలి. దారిలో వాన, బండి ఆగిపోయింది, వస్తున్నాను ఆగమన్నారు. పూలు మూసుకున్నాయి. మధ్యాహ్నం దాటింది. పచ్చటి పైరేకులు కూడా దగ్గరపడి, పళ్లేల్లో ఉత్త మొగ్గల్లా మిగిలాయి. ఎవరో విజయవాడ నుంచి ప్లాస్టిక్ కాగితం చుట్టిన రంగురంగుల పూలచక్రం తెచ్చి పెట్టెకి ఆనించారు. ఆవిడకి వరసకు వదిన అయ్యే ఒకామె పళ్లెం ఎత్తి, కొబ్బరిచెట్టు వైపు నడిచింది.

"వాడినవి ఎందుకమ్మా, పారబోస్తాను."

నేను లేచేలోపే ఆ అమ్మాయి అడ్డంపోయి పళ్లెం పట్టుకుంది. "వాడలేదత్తా. మూసుకున్నాయి" అంది. నా వైపు చూడలేదు. ఆ మాట ఆ అమ్మాయి కూడా ఎక్కడో విని ఉంటుంది, బహుశా పెదనాన్న పోయినప్పుడు.

తమ్ముడు వచ్చి, చూసి, ఏడ్చి, అందరం బయలుదేరేసరికి పొద్దు వాలిపోయింది. పెట్టె మూత మీద ఆ అమ్మాయే కలువలు పరిచింది, తడితడిగా, మూసుకున్నవి మూసుకున్నట్టే. సమాధుల తోట చెరువుకి అవతల. రొయ్యల చెరువు గట్టు మీదుగా నడిచాం. చక్రాలు తిరుగుతున్న చప్పుడు. ఆయన సమాధి పక్కనే తవ్వి ఉంచారు. పాస్టరుగారు వాక్యం చదవడం మొదలుపెట్టాడు. వెలుతురు తగ్గి పుస్తకం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు.

కలువ సాయంత్రం విచ్చుకుంటుందని తెలియని తెలుగువాళ్లెవరు? పుస్తకాల్లో నేను ఎన్నిసార్లు చదివానో, ఎంతమంది పిల్లలకి పాఠం చెప్పానో. అది చెరువులో ఉన్న పువ్వు సంగతి అనుకున్నాను. తెల్లవారుజామున కోసి, రోజంతా పళ్లెంలో ఉంచి, చెక్క మీద పరిచిన పువ్వు సంగతి అనుకోలేదు.

"పిన్నీ" అంది ఆ అమ్మాయి. పొద్దుటి కొవ్వొత్తి మాట తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు. "పిన్నీ, చూడండి."

మూత మీద అంచున ఉన్న పువ్వుకి పైరేకు ఒకటి విడి ఉంది. లోపల తెల్లగా కనిపిస్తోంది. దాన్ని చూస్తుండగానే పక్కది విడింది. మూసుకున్నప్పటిలాగే, కంటికి కనిపించకుండా, ఒకదాన్ని చూస్తుంటే ఇంకొకటి. ఆడవాళ్లు పాడుతున్న పాట ఒక్కొక్క గొంతూ తగ్గుతూ ఆగిపోయింది. పాస్టరుగారు చదవడం ఆపాడు. దించడానికి తాళ్లు పట్టుకున్న నలుగురూ, వాళ్లలో మా ఆటో అతను ఒకడు, ఎవరూ చెప్పకుండానే ఆగిపోయారు. ఉప్పుచెరువు పక్కన, అంతమంది మనుషుల మధ్య, కలువలు తమ వేళకి విచ్చుకుంటున్నాయి.

వాళ్లాయన్ని సమాధి చేసిన రోజు సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, ఆ ఇంట్లో పళ్లేల ముందు ఆవిడ ఒక్కరే కూర్చుని ఉంటారు. నేను ఉండాల్సింది అన్నది దీనికే.

చీకటి పడుతోంది, ఏమీ కనిపించడం లేదన్నారు ఎవరో. ఆ అమ్మాయి బ్యాగులోంచి పొద్దుటి కొవ్వొత్తి తీసి వెలిగించింది. పెట్టె మీదికి వంగి పట్టుకుంది. మైనం కరిగి అంచుకి చేరడం చూసి, పువ్వుల మీద ఒక్క చుక్కయినా పడకుండా, కింద తన అరచెయ్యి పట్టింది.